ఇతిహాసాల చారిత్రకత: తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంతపు ఆధారాలు

రామాయణ, మహాభారతాల్లో చెప్పిన సంగతులు నిజంగా జరిగాయా అన్న ప్రశ్నకు కృష్ణా నది పశ్చిమ డెల్టాలో దొరికే సాక్ష్యాలను, వాటి చుట్టూ తెలుగువారు నడిపిన వాదాలను ఈ వ్యాసం పరిచయం చేస్తుంది. తెనాలి గుంటూరు జిల్లాలో ఉంది. బాపట్ల, రేపల్లె 2022 ఏప్రిల్ 4న ఏర్పడిన బాపట్ల జిల్లాలో చేరాయి. ఈ మూడూళ్ల నడుమ ఉన్న నేలలో రాముడి కాలపు ఇటుక గాని, పాండవుల కాలపు కుండపెంకు గాని ఎవరికీ దొరకలేదు. అయినా ఇతిహాసాల చర్చలో ఈ ప్రాంతానికి గట్టి చోటుంది. పురాణాల్లోని రాజుల పట్టికను శాసనంతో సరిపోల్చి చూడగలిగిన ఊరు ఇక్కడుంది. ఇతిహాసాలను కోర్టు బోనెక్కించి అడ్డుప్రశ్నలు వేసిన కవి కాపురమున్న ఊరూ ఇక్కడే ఉంది.

నేల

డెల్టా పాత నేల కాదు. సుమారు 6,000 ఏళ్ల క్రితం సముద్రమట్టం ఒక స్థాయికి వచ్చి నిలిచాక, కృష్ణ తెచ్చిన ఒండ్రు పేరుకుంటూ తీరాన్ని ముందుకు నెట్టింది. ఒకప్పటి తీరరేఖలకు గుర్తుగా మిగిలిన ఇసుక మేటలు చీరాల, బాపట్ల వైపు పొలాల్లో ఇప్పటికీ వరుసలుగా కనిపిస్తాయి. కాబట్టి సముద్రానికి దగ్గరగా, రేపల్లె, నిజాంపట్నం వైపు ఉన్న భూముల్లో చాలా భాగం తర్వాతి కాలంలో చేరిన మన్ను. కలియుగం మొదలైందని సంప్రదాయం చెప్పే సా.శ.పూ. 3102 నాటికి ఇక్కడి తీరరేఖ ఇప్పుడున్న చోట లేదు. ఇతిహాసకాలపు ఊళ్లను ఈ తీరంలో వెతకబోయేవారు ముందు ఈ సంగతి గమనించాలి.

దీనికి తోడు మనుషుల చేతి నష్టం మరొకటి. పాత ఊళ్లు పాడుపడిన చోట మిగిలే పాటిదిబ్బల మన్ను చేలకు మంచి ఎరువు. తరతరాలుగా రైతులు బండ్లతో, తర్వాత ట్రాక్టర్లతో ఆ పాటిమన్ను తోలుకుపోయారు. పెంకులు, పూసలు, నాణేలు దానితోపాటే చెల్లాచెదురయ్యాయి.

భట్టిప్రోలు

తెనాలి నుంచి రేపల్లె వెళ్లే రైలు దారిలో ఉన్న భట్టిప్రోలు ఈ ప్రాంతంలో అన్నిటికన్నా పాత రాతకు నెలవు. 1892లో అలెగ్జాండర్ రే ఇక్కడి బౌద్ధ స్తూపాన్ని తవ్వినప్పుడు రాతి కరండాలు, వాటిలో స్ఫటికపు పేటిక, బంగారు పూలు, పూసలు బయటపడ్డాయి. కరండాల మీది రాతలను జర్మన్ పండితుడు గియోర్గ్ బ్యూలర్ చదివాడు. అక్షరాలు బ్రాహ్మీలోనే ఒక ప్రత్యేకమైన తీరు. వాటిని భట్టిప్రోలు లిపి అని పిలుస్తారు. కాలం సా.శ.పూ. 3, 2 శతాబ్దాలు.

ఆ రాతల్లో కుబిరకుడు అనే రాజు పేరుంది. కుర, శివ అనే పేర్లున్న దాతలున్నారు. కుబిరకుడంటే కుబేరుడే గదా, కుబేరుడంటే రావణుడి అన్నే గదా అని లంకె వేసే వాదం అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది నిలవదు. యక్షుల పేర్లు పిల్లలకు పెట్టుకోవడం ఆ కాలంలో ఉత్తరాదినా దక్షిణాదినా మామూలే. శాసనంలో కుబిరకుడు ఊరి పెద్దల గోష్ఠికి ముఖ్యుడైన రాజు; బుద్ధుడి ధాతువుల కోసం పేటిక సమకూర్చిన మనిషి. ఈ శాసనం నుంచి నికరంగా తేలేది ఒకటే: రెండు వేల రెండు వందల ఏళ్ల క్రితమే ఈ ఊళ్లో రాయడం వచ్చినవారు, రాజు, వర్తకుల కూటములు ఉన్నాయి, శివ, కుబేర వంటి పేర్లు జనంలో ఉన్నాయి. రామకథ గురించి గాని, భారతకథ గురించి గాని అందులో మాటే లేదు.

భట్టిప్రోలులోనే మరో మట్టి గుట్టను ఊరివాళ్లు విక్రమార్క కోట దిబ్బ అంటారు. విక్రమార్కుడు ఇక్కడికి వచ్చిన దాఖలా ఏదీ లేదు. ఎవరు కట్టారో మరిచిపోయిన కట్టడానికి కథల్లోని రాజు పేరు తగిలించడం తెలుగునాట పాత అలవాటు. ఇనుపయుగపు రాతి సమాధులను తెలంగాణలోనూ రాయలసీమలోనూ పాండవుల గుళ్లనీ, రాకాసి గుళ్లనీ పిలవడం కూడా ఇలాంటిదే. ఆ పేర్లను బట్టి ఇతిహాసం ఎంత లోతుగా జనంలోకి ఇంకిందో తెలుస్తుంది. సమాధిలో పడుకున్నది ఎవరో మాత్రం తెలియదు.

స్తూపానికి పట్టిన గతి చెప్పుకోదగ్గది. 19వ శతాబ్దంలో రోడ్డు పనులకూ, వెల్లటూరు దగ్గర కాలువ లాకు పనికీ ఇక్కడి ఇటుకలను, పాలరాళ్లను తోలుకుపోయారు. రే వచ్చేనాటికి మిగిలింది దాని అడుగు భాగమే.

చేబ్రోలు శాసనం, పురాణాల పట్టిక

గుంటూరు నుంచి పొన్నూరు మీదుగా బాపట్ల వెళ్లే దారిలో చేబ్రోలు వస్తుంది. అక్కడి భీమేశ్వరాలయానికి ఊరివాళ్లు మరమ్మతులు చేయిస్తుండగా ఒక రాతిస్తంభం మీద అక్షరాలు కనిపించాయి. భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ శాసన విభాగం 2019 చివర్లో దాన్ని చదివి ప్రకటించింది. శాతవాహన రాజు విజయుడి 5వ పాలనా సంవత్సరంలో, అంటే సా.శ. 207లో, కార్తికుడు అనే వ్యక్తి తాంబ్రాపె అనే ఊళ్లో భగవతి శక్తిమాతృక గుడికి దక్షిణం వైపున ప్రాసాదం, మండపం కట్టించి ప్రతిమలు నిలిపాడని అందులో ఉంది. తాంబ్రాపె అంటే చేబ్రోలే. లిపి బ్రాహ్మి, భాష సంస్కృతం. దక్షిణ భారతంలో ఇప్పటిదాకా దొరికిన సంస్కృత శాసనాల్లో ఇదే మొదటిదని ఆ సంస్థ తేల్చింది. సప్తమాతృకల ఆరాధనకు కూడా ఇంతకన్నా పాత శాసనం లేదు.

ఇతిహాసాల చారిత్రకతకూ ఈ శాసనానికీ సంబంధం ఏమిటంటే, విజయుడి పేరు మత్స్యపురాణంలో ఉంది. పురాణాలు శాతవాహనులను ఆంధ్రులని పేర్కొని, వారి రాజులను వరసగా చెప్పి, ఒక్కొక్కరు ఎన్నేళ్లు ఏలారో లెక్క ఇచ్చాయి. ఆ పట్టిక చివర యజ్ఞశ్రీ తర్వాత విజయుడు వస్తాడు. ఆయనకు ఇచ్చిన లెక్క 6 ఏళ్లు. నాగార్జునకొండలో ఇదే రాజు 6వ పాలనా సంవత్సరపు శాసనం ఇంతకుముందే దొరికింది. ఇప్పుడు చేబ్రోలులో 5వ ఏటిది దొరికింది. ఆరేళ్లకు మించిన శాసనం ఇప్పటికైతే ఎక్కడా కనిపించలేదు. వందల ఏళ్లపాటు తాటాకుల మీద ఎత్తి రాసుకుంటూ వచ్చిన ఒక అంకె, ఎన్నడూ ఆ తాటాకు ముఖం చూడని రాతిస్తంభంతో పొంతన కుదరడం చిన్న సంగతి కాదు.

ఎఫ్.ఇ. పార్గిటర్ 1913లో కలియుగ రాజవంశాల పురాణ పాఠాలన్నిటినీ పోల్చి అచ్చు వేశాడు. అప్పటికి చరిత్రకారుల్లో చాలామందికి పురాణాలంటే చులకన. తర్వాత గౌతమీపుత్ర శాతకర్ణి, పులుమావి, యజ్ఞశ్రీ నాణేలు గుట్టలుగా దొరికేకొద్దీ ఆ చులకన తగ్గింది. శాతవాహనుల తర్వాత శ్రీపర్వతీయ ఆంధ్రులు ఏలతారని పురాణాలు చెప్పాయి. నాగార్జునకొండ తవ్వకాల్లో ఇక్ష్వాకుల రాజధాని విజయపురి, దాని పక్కన శ్రీపర్వతం పేరు శాసనాలతో సహా బయటపడ్డాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. పురాణాల్లోని రాజుల పట్టికలు గుప్తుల కాలం దగ్గరికి వచ్చి ఆగిపోతాయి. అంటే వాటిని చివరగా కూర్చినవారికి శాతవాహనులు తాతముత్తాతల నాటి జ్ఞాపకం. దగ్గరి కాలం గురించి నమ్మదగ్గ సమాచారం ఇచ్చిన గ్రంథం, అంతకు వెయ్యేళ్లు, రెండు వేల ఏళ్లు వెనకటి పరీక్షిత్తు గురించీ, దశరథుడి గురించీ అంతే కచ్చితంగా చెబుతుందని అనలేం. శాతవాహనుల వరసలోనే పాఠాంతరాలు బోలెడు. ఒక పురాణంలో ఉన్న పేరు మరో పురాణంలో కనపడదు, ఏలిన ఏళ్లూ మారతాయి. చేబ్రోలు స్తంభం వల్ల పురాణానికి పరపతి పెరిగింది. ఆ పరపతిని పట్టుకుని త్రేతాయుగం దాకా అప్పు తీసుకోవడం కుదరదు.

శాసనాల్లో ఇతిహాస వీరులు

నాసిక్ గుహలో గౌతమీ బాలశ్రీ తన మనవడు పులుమావి 19వ పాలనా సంవత్సరంలో చెక్కించిన శాసనం, ఆమె కొడుకు గౌతమీపుత్ర శాతకర్ణిని రాముడు, కేశవుడు, అర్జునుడు, భీమసేనుడితో పోల్చింది. జనమేజయుడు, సగరుడు, యయాతి, అంబరీషుడు కూడా అందులో ఉన్నారు. సా.శ. 2వ శతాబ్దానికి దక్కను రాజసభలో ఈ పేర్లు విడమర్చి చెప్పనక్కర్లేనంత పరిచితమన్నమాట. అంతకన్నా ముందే నానేఘాట్ శాసనం సంకర్షణ వాసుదేవులను తలిచింది. విదిశ దగ్గర గ్రీకు రాయబారి హెలియోడోరస్ వాసుదేవుడికి గరుడస్తంభం నిలిపాడు. పాణిని సూత్రాల్లో వాసుదేవార్జునుల భక్తుల ప్రస్తావన ఉంది. కృష్ణుడి ఆరాధన సామాన్యశకానికి ముందే స్థిరపడిందని వీటివల్ల రుజువవుతుంది.

విజయపురి ఇక్ష్వాకులది ఇంకా ఆసక్తికరమైన వ్యవహారం. రాముడి వంశం పేరునే వాళ్లు తమ వంశనామం చేసుకున్నారు. ఆ కుటుంబపు స్త్రీలేమో బౌద్ధానికి దానాలు చేశారు. ఆ దానశాసనాల్లో బుద్ధుడు ఇక్ష్వాకు రాజర్షుల వంశంలో పుట్టినవాడని ఉంది. ఒకే వంశనామం అటు రాముణ్ణీ, ఇటు బుద్ధుణ్ణీ, నడుమ తమనూ కలిపింది. అయోధ్య నుంచి ఎవరో ఇక్కడికి వలస వచ్చారనడానికి ఇది సాక్ష్యం కాదు. 3వ శతాబ్దంలో కృష్ణాతీరపు రాజుకు ఆ పేరు వల్ల గౌరవం దక్కేదనడానికి మాత్రం తిరుగులేని సాక్ష్యం.

వంశవృక్షాలు ఎలా పెరుగుతాయో చూడాలంటే తూర్పు చాళుక్యుల రాగిరేకులు వరసబెట్టి చదవాలి. 7వ శతాబ్దపు తొలి రేకుల్లో వారు మానవ్యస గోత్రులు, హారితీపుత్రులు, అంతే. విమలాదిత్యుడి రణస్థిపూడి శాసనం నాటికి, అంటే 11వ శతాబ్దం మొదట్లో, వంశం బ్రహ్మతో మొదలై చంద్రుడు, పురూరవుడు, అర్జునుడు, అభిమన్యుడు, పరీక్షిత్తు, జనమేజయుల మీదుగా దిగింది. తర్వాత అయోధ్యలో 59 మంది చక్రవర్తులు ఏలినట్టూ, వారి సంతతివాడైన విజయాదిత్యుడు దక్షిణాపథానికి వచ్చి త్రిలోచన పల్లవుడితో పోరినట్టూ చేరింది. నాలుగు వందల ఏళ్లలో వంశానికి కొత్త తాతలు పుట్టారు. ఈ విమలాదిత్యుడి కొడుకే రాజరాజ నరేంద్రుడు. తమ వంశకర్తల కథ తెలుగులో వినాలని ఆయన నన్నయను కోరడం వెనక ఈ కొత్త వంశవృక్షం ఉంది. తెలుగు సాహిత్యానికి మొదటి మహాకావ్యం దక్కింది ఒక సందేహాస్పదమైన వంశావళి పుణ్యాన. అలాంటి అబద్ధాలు ఇంకొన్ని ఉన్నా బాగుండేది.

తెనాలి తాలూకా కొండముదిలో దొరికిన బృహత్ఫలాయన జయవర్మ రాగిరేకులు, రేపల్లెకు చేరువలోని చందవోలును ఏలిన వెలనాటి చోడుల శాసనాలు, బాపట్ల భావనారాయణస్వామి గుడి శాసనాలు భూదానాలకు, అఖండదీపాలకు, పన్నులకు సంబంధించినవి. ఇతిహాస చర్చకు వాటినుంచి దొరికేది తక్కువ. ఊళ్ల చరిత్రకు మాత్రం అవే పునాది.

రాతి మీద కథ

పల్నాడులోని కొండమోటులో దొరికిన ఫలకం మీద సింహరూపంలో నరసింహుడు, ఇరువైపులా వృష్ణి వీరులైదుగురు ఉన్నారు. 3, 4 శతాబ్దాల నాటి పని. కృష్ణుడి కుటుంబాన్ని వీరులుగా కొలిచిన పద్ధతి కృష్ణాతీరం దాకా వచ్చిందని అది చూపిస్తుంది. ఇప్పుడా ఫలకం హైదరాబాద్ మ్యూజియంలో ఉంది.

అదే పల్నాడులో చేజర్ల కపోతేశ్వరాలయం ఉంది. పావురం కోసం ఒంటి మాంసం కోసి ఇచ్చిన శిబి చక్రవర్తి కథ జరిగింది ఇక్కడేనని స్థలపురాణం. గుడి గజపృష్ఠాకారంలో ఉండడంతో ఒకప్పుడు బౌద్ధ చైత్యమని పండితుల్లో ఎక్కువమంది అంటారు. శిబి కథ మహాభారతంలో ఉంది, బౌద్ధ జాతకాల్లోనూ ఉంది. చైత్యం గుడిగా మారినా కథను మార్చాల్సిన పని పడలేదు. జాతకాల్లో దశరథుడి కథ కూడా ఉందనీ, అందులో రాముడు, సీత అన్నాచెల్లెళ్లనీ తెలిసినప్పుడు, ఈ కథలు ఏ ఒక్క మతానికీ సొంతం కాకముందు నుంచే జనంలో తిరుగుతున్నాయని అర్థమవుతుంది.

విజయవాడ ఇంద్రకీలాద్రి మీద కిరాతార్జునీయ ఘట్టాలు చెక్కిన స్తంభం 9, 10 శతాబ్దాల నాటిది. అర్జునుడు తపస్సు చేసిన కొండ ఇదేనన్న నమ్మకం వెయ్యేళ్లకు పైబడి ఉందని ఆ స్తంభం చెబుతుంది. నమ్మకానికి వయసు తేల్చగలం. తపస్సుకు తేల్చలేం.

ఉత్తరాది తవ్వకాలు

ఇతిహాసాల్లోని ఊళ్లను తవ్వి చూసే పని ఉత్తర భారతంలో జరిగింది. బి.బి. లాల్ 1950 నుంచి 1952 దాకా మీరట్ జిల్లా హస్తినాపురంలో తవ్వితే, రంగు గీతలున్న బూడిదరంగు కుండలు వాడిన ఊరు బయటపడింది. ఇలాంటి కుండలే మహాభారతంలో పేర్లున్న చాలా ఊళ్లలో దొరికాయి. ఆ ఊరు గంగ వరదకు కొట్టుకుపోయిన గుర్తులు కూడా లాల్‌కు కనిపించాయి. గంగ హస్తినాపురాన్ని ముంచాక నిచక్షుడు రాజధానిని కౌశాంబికి మార్చాడని పురాణాల్లో ఉండడంతో ఈ పొంతన పెద్ద సంచలనమైంది. అయితే అక్కడ దొరికినవి మట్టి గోడలు, పూరిపాకలు, కొద్దిపాటి రాగి, ఇనుము. మయసభ వంటిదేమీ లేదు. మహాభారత బీజం ఒక చిన్న తెగల పోరులో ఉండవచ్చునన్న అభిప్రాయానికి ఈ తవ్వకాలే బలమిచ్చాయి.

1970ల్లో లాల్ రామాయణ స్థలాల తవ్వకం చేపట్టాడు. అయోధ్య, శృంగవేరపురం, నందిగ్రామం, భరద్వాజాశ్రమం, చిత్రకూటం చూశాక, అయోధ్యలో తొలి నివాసం సా.శ.పూ. 7వ శతాబ్దం ప్రాంతానిదని తేల్చాడు. తర్వాతి తవ్వకాల్లో ఇంకొంత వెనకటి తేదీలు వచ్చాయి. ఏ లెక్కన చూసినా ఒక చిక్కు మిగిలింది. కుండల సాక్ష్యాన్ని నమ్మితే హస్తినాపురం ముందు, అయోధ్య తర్వాత అవుతుంది. సంప్రదాయం త్రేతాయుగాన్ని ద్వాపరానికి ముందు పెట్టింది. హెచ్.డి. సంకాలియా వంటి పురావస్తువేత్తలు దీని మీద చాలా రాశారు. ద్వారక దగ్గర సముద్రంలో ఎస్.ఆర్. రావు 1980ల్లో చూసిన రాతికట్టడాలు, లంగరు రాళ్ల విషయంలోనూ ఏకాభిప్రాయం రాలేదు; లంగర్లలో చాలావాటిని తర్వాతి పరిశోధకులు మధ్యయుగపు ఓడలవిగా లెక్కగట్టారు.

కాలనిర్ణయం

భారతయుద్ధం ఎప్పుడు జరిగిందన్న దానికి సంప్రదాయం లోపలే ఒక జవాబు లేదు. ఐహోళెలో రవికీర్తి రాసిన రెండవ పులకేశి శాసనం, శక సంవత్సరం 556 నాటికి భారతయుద్ధం జరిగి 3,735 ఏళ్లయిందని చెప్పింది. అంటే సా.శ.పూ. 3102. ఆర్యభటుడు సా.శ. 499లో కలి 3,600 ఏళ్లు గడిచిందని చెప్పిన లెక్కకు ఇది సరిపోతుంది. వరాహమిహిరుడు యుధిష్ఠిరుణ్ణి శకానికి 2,526 ఏళ్లు వెనక ఉంచాడు. కాశ్మీర చరిత్ర రాసిన కల్హణుడు ఆ లెక్కనే పట్టుకున్నాడు. పరీక్షిత్తు పుట్టుక నుంచి మహాపద్మనందుడి పట్టాభిషేకం దాకా పురాణాలు ఇచ్చిన వెయ్యి చిల్లర ఏళ్లను లెక్కిస్తే సా.శ.పూ. 14వ శతాబ్దం వస్తుంది. పార్గిటర్ రాజుల తరాలు లెక్కించి సా.శ.పూ. 950 అన్నాడు.

తెలుగువారిలో ఈ కలి లెక్క పక్షాన అందరికన్నా పట్టుదలగా నిలిచినవాడు విజయవాడకు చెందిన కోట వెంకటాచలం. యుద్ధం కలికి 36 ఏళ్ల ముందు, సా.శ.పూ. 3138లో జరిగిందనీ, అలెగ్జాండర్ నాటి చంద్రగుప్తుడు మౌర్యుడు కాదు, గుప్తుడనీ, పాశ్చాత్యులు భారత చరిత్రను కావాలనే కుదించారనీ ఆయన వరసగా పుస్తకాలు రాశాడు. ఆయన శ్రమ పెద్దది, చదువు లోతైనది. అయితే అశోకుడి 13వ శిలాశాసనంలో పేర్లు చెప్పిన గ్రీకు రాజుల కాలాలు గ్రీకు చరిత్రలో స్థిరంగా ఉన్నాయి. ఆ మేకును ఊడబీకనిదే ఆయన కట్టిన కాలక్రమం నిలబడదు.

ఏ రామాయణం, ఏ భారతం?

చారిత్రకత గురించి వాదించుకునేవారు ముందుగా తేల్చుకోవాల్సింది, ఏ పాఠం గురించి మాట్లాడుతున్నామని. పుణెలోని భండార్కర్ సంస్థ 1919లో మొదలుపెట్టి 1966లో పూర్తిచేసిన మహాభారత సంశోధిత ప్రతికి 1,259 రాతప్రతులను పరిశీలించారు. తెలుగు లిపిలోని తాళపత్రాలు వాటిలో ఉన్నాయి. దక్షిణాది ప్రతుల్లో ఉత్తరాదివాటికన్నా కథలూ శ్లోకాలూ ఎక్కువ. బరోడా ప్రాచ్య విద్యాసంస్థ రామాయణ సంశోధిత ప్రతిని 1975 నాటికి ముగించింది. రెండు కావ్యాలూ వందల ఏళ్లపాటు పెరుగుతూ వచ్చాయని ఈ కృషి నిర్ధారించింది. బాల, ఉత్తరకాండలు తర్వాత చేరినవని పండితుల్లో ఎక్కువమంది భావిస్తారు.

తెనాలి వైపు జనానికి ఇతిహాసం అందిన దారి వేరు. తిరుపతి వెంకట కవుల పాండవ నాటకాల పద్యాలు, బాపట్లలో 1902లో పుట్టిన స్థానం నరసింహారావు సత్యభామ వేషం, తెనాలివాడైన చక్రపాణి నాగిరెడ్డితో కలిసి 1957లో తీసిన ‘మాయాబజార్’, తెనాలిలోనే పుట్టిన కొడవటిగంటి కుటుంబరావు ‘చందమామ’లో నడిపిన కథలు ఇంటింటికీ చేరాయి. అయితే మాయాబజార్‌కు ఆధారమైన శశిరేఖా పరిణయం వ్యాసభారతంలో లేదు. అక్కడ బలరాముడికి శశిరేఖ అనే కూతురే లేదు. లక్ష్మణరేఖ వాల్మీకిలో లేదు. జరిగిందా లేదా అని గట్టిగా వాదించుకునే సంఘటనల్లో కొన్ని ఇలా మూలగ్రంథంలోనే కనిపించవు.

తెనాలి వాదం

కృష్ణా జిల్లా అంగలూరులో 1887లో పుట్టిన త్రిపురనేని రామస్వామి చౌదరి ఐర్లండులో న్యాయశాస్త్రం చదివి వచ్చి తెనాలిలో స్థిరపడ్డాడు. పురపాలక సంఘానికి అధ్యక్షుడిగా పనిచేశాడు. కవిరాజు అన్నది ఆయన బిరుదు. తన ఇంటికి సూతాశ్రమం అని పేరు పెట్టుకున్నాడు. ‘కురుక్షేత్ర సంగ్రామం’లో రాజ్యం మీద హక్కు దుర్యోధనుడిదేనని వాదించాడు. ‘శంబుక వధ’లో తపస్సు చేసిన శూద్రుణ్ణి రాముడి చేత చంపించిన వ్యవస్థను నిలదీశాడు. ‘సూతపురాణం’లో పురాణాలన్నిటినీ తిరగదోడాడు. ప్లీడరు వాదనలా సాక్షి మాటలోని పొరపొచ్చాలు పట్టుకుంటూ సాగడం ఆయన పద్ధతి. ఆయన 1943లో కన్నుమూశాక ఆ ధోరణిని తెనాలిలో న్యాయవాది ఆవుల గోపాలకృష్ణమూర్తి వంటి హేతువాదులు కొనసాగించారు. తెలుగునాట ఇతరత్రా పెండ్యాల వెంకట సుబ్రహ్మణ్యశాస్త్రి ‘మహాభారత చరిత్రము’, సురవరం ప్రతాపరెడ్డి ‘రామాయణ విశేషములు’, నార్ల వెంకటేశ్వరరావు ‘సీత జోస్యం’, రంగనాయకమ్మ ‘రామాయణ విషవృక్షం’ వేర్వేరు దారుల్లో ఈ చర్చను నడిపాయి.

కవిరాజు విషయంలో సాధారణంగా గమనించని సంగతి ఒకటుంది. ఆయన ఇతిహాసాన్ని కట్టుకథ అని కొట్టిపారేయలేదు. ఆర్యులు ద్రావిడులను అణచిన చరిత్రగా దాన్ని చదివాడు. గెలిచినవాళ్లు రాయించుకున్న చరిత్ర గనుక తిరగేసి చదవాలన్నాడు. అటు కోట వెంకటాచలం, ఇటు కవిరాజు ఎదురుబొదురు నిలబడినా, ఇద్దరి కాళ్ల కిందా ఉన్న నేల ఒక్కటే: ఇవి జరిగిన సంగతులే. శంబుకుడి కథ ఉన్నది ఉత్తరకాండలో. ఆ కాండ తర్వాతి చేర్పు అయితే, అది రాముడి కాలపు నేరానికి సాక్ష్యం కాజాలదు. ఆ కథ అల్లిన కాలంలో వర్ణవ్యవస్థ ఎంత బిగిసిందో చెప్పే సాక్ష్యం అవుతుంది. కవిరాజు ప్రశ్నకు దానివల్ల పదును తగ్గదు. నిందితుడు మారతాడు.

స్థలపురాణాలు

కృష్ణుడు పెరిగిన పల్లెకు తెలుగు కవులు పెట్టిన పేరు, బాపట్ల జిల్లా పట్టణం పేరు ఒకటే కావడంతో రేపల్లెకు ఆ కథ అంటుకుంది. డెల్టాలో నదీపాయల నడుమ నేలను లంక అంటారు. రావణుడి లంకను శ్రీలంకలో కాక దేశం లోపలే వెతికిన సంకాలియా దాన్ని మధ్యప్రదేశ్‌లో చూపాడు. పేర్ల పోలిక ఒక్కదాన్నే పట్టుకుని వెతికితే లంక ఎక్కడైనా దొరుకుతుంది. సూర్యలంక తీరానికి వచ్చే పర్యాటకులకు చెప్పడానికి కథలు తక్కువ పడవు. వాల్మీకి కిష్కింధకాండలో సుగ్రీవుడు దక్షిణానికి పంపే వానరులకు గోదావరి, కృష్ణవేణి, ఆంధ్రదేశం గురించి చెబుతాడు. ఆ సర్గ రాసిన కవికి ఈ ప్రాంతం తెలుసునని దాన్నిబట్టి చెప్పవచ్చు.

స్థలపురాణం ఇప్పటికీ పెరుగుతూనే ఉంది. తిరుమల తిరుపతి దేవస్థానం ఒక పండితుల సంఘాన్ని వేసి, 2021 ఏప్రిల్ 21న శ్రీరామనవమి నాడు, హనుమంతుడు పుట్టింది తిరుమల అంజనాద్రి మీదేనని ప్రకటించింది. హంపి దగ్గరి అంజనాద్రి పక్షంవారు ఒప్పుకోలేదు. రెండు వైపులా చూపిన ఆధారాలు ప్రధానంగా పురాణాలు, మాహాత్మ్యాలు, వాటిమీద ఆధారపడిన శాసనాలు. అవి ఆ నమ్మకానికి ఎంత వయసుందో తేల్చగలవు. అంతవరకే వాటి పని.

ఇక ముందు

ఈ ప్రాంతంలో తవ్వాల్సినవి ఇంకా మిగిలే ఉన్నాయి. చేబ్రోలు స్తంభం ఇన్నాళ్లు గుడిలోనే ఉంది. మరమ్మతు మొదలుపెట్టేదాకా ఎవరూ పట్టించుకోలేదు. తెనాలి, బాపట్ల, రేపల్లె చుట్టుపక్కల పాత గుళ్ల జీర్ణోద్ధరణ ఏటా ఎక్కడో ఒకచోట జరుగుతూనే ఉంటుంది. రాళ్లకు సున్నం, రంగు వేసే ముందు, అరిగిన స్తంభాన్ని తీసి మెట్టుగా పరిచే ముందు, దాని మీద గీతల్లాంటివి కనిపిస్తే ఫొటో తీసి పురావస్తు శాఖకు గాని, మైసూరులోని శాసన విభాగానికి గాని పంపాలి. పాటిదిబ్బ మన్ను తోలేటప్పుడు నాణెమో, రాత ఉన్న పెంకో దొరికితే ఎక్కడ, ఎంత లోతులో దొరికిందో కాగితం మీద రాసిపెట్టాలి. గుడి కమిటీలూ, రైతులూ ఈ పని చేస్తే చాలు.